గిలాద్ నాయిన డేరా

ఆ మొద్దు జర ముంగటికి నూకుర్రి, మంట కుదురుకుంటది. పొగ నా దిక్కు రాకుంట సూడుర్రి, అసలే దగ్గు. ఇగ ఇనుర్రి. దయ్యాల ముచ్చట చెప్పమంటిరి గని దయ్యాలు నాకు ఎరుక లెవ్వు బిడ్డా. ఎరుకున్నయన్ని మనుషుల ముచ్చట్లే. నేను ఇజ్రాయిల్‌ల ఉన్నప్పుడు ఒక తండ్రి కొడుకు కోసం రోడ్డు మీద డేరా ఏసుకొని కూసున్నడు. కొడుకును పట్టుకపోయినోళ్ల ఇంటి ముంగట కాదు, తన దేశపు ప్రధానమంత్రి ఇంటి ముంగట. గది చెప్త.

మన జగిత్యాల దిక్కు, ఆర్మూరు దిక్కు దుబాయి, మస్కట్ పోయినోళ్లు ఇంటికొకడు దొరుకుతడు. ఇజ్రాయిల్ పోయినోళ్లు వాళ్లంత మంది ఉండరు. పోయినోళ్లు గూడ ఎక్కువ శాతం ముసలోళ్లను సూసుకునే పనికే. తానం పోయించుడు, బట్టలు తొడుగుడు, యాల్లకు మందులిచ్చుడు, చక్రాల కుర్చీల కూసోబెట్టి గాలికి తోలుకపోవుడు. ఆ పని చేసెటోన్ని వాళ్ల భాషల మెటపెల్ అంటరు. మన ఊర్ల ఎవలన్న అడిగితె మీ అవ్వ ఆస్పత్రి పని అని చెప్పేది. మొగోడు ముసలోని ఒళ్లు కడుగుతడంటె బాగుండదని ఆమె అనుకున్నది. నాకైతె ఏ సిగ్గు లేకుండె. అక్కడ అన్నిట్ల మంచి పని అదే.

నేను చేసిన ఇల్లు జెరూసలేంల రెహావియా అనే బస్తీల. ఆ ఊర్ల ఇండ్లన్నిటికి బయట రాయే ఉండాలె, బ్రిటిషోళ్ల కాలంకెళ్లి అది కాయిదా. మాపటి ఎండ పడితె ఊరంత పసుపు పూసినట్టయితది. నేను సూసుకున్న ముసలాయిన జర్మనీల పుట్టినోడు. హిట్లరు కాలంల చిన్నపిలగాడుగ తప్పించుకొని వచ్చిండు. నేను సాబా అని పిలుస్తుంటి, అంటె తాత అన్నట్టు. కాళ్లు పని చేయకపోయేది గని నోరు మస్తు పని చేసేది. పొద్దున పేపరు సదివి దేశం మీద కోపానికి వచ్చుడు ఆయనకు చాయ తాగినంత ఇష్టం.

ఆ బస్తీలనే ప్రధానమంత్రి బంగ్లా. దాని పక్కకెళ్లి ఒక పెద్ద సడుకు పోతది, పేరు గాజా సడుకు. పాతకాలంల గాజా పోయే తొవ్వ అదేనట. ఆ గాజాలనే మన ముచ్చటల పిలగాడు బందీగ ఉన్నడు.

ఆ పిలగాని పేరు గిలాద్ షలిత్. 2006 జూన్ 25, ఆదివారం, తెల్లారుగట్ల. గాజా సరిహద్దుల కెరెం షాలోం అనే జాగ. గాజాల ఉండే హమాసోళ్లు, వాళ్లతోని ఇంకో రెండు గుంపులు, నేల కిందికెళ్లి సొరంగం తవ్వి ఇవతలికి తేలిన్రు. ఒక ట్యాంకును కొట్టిన్రు. అండ్ల ఇద్దరు సచ్చిపోయిన్రు. చేతికి దెబ్బ తాకిన గిలాద్‌ను గుంజుకొని గాజాలకు తీస్కపోయిన్రు. ఆ పిలగానికి అప్పటికి 19 ఏండ్లు. మన సందీపు ఈడే. కండ్లద్దాలు పెట్టుకొని బక్కగ ఉంటడు. ఫొటో సూస్తె మిలిట్రోడు అనిపించడు, ట్యూషన్ చెప్పే పోరడు అనిపిస్తడు.

ఎంబడే లొల్లి మొదలైంది. మీ జైళ్ల ఉన్న మా ఆడోళ్లను, పద్దెనిమిదేండ్ల లోపు పోరగాండ్లను ఇడువుర్రి అని వాళ్లు అడిగిన్రు. వీళ్లు ఇడువమన్నరు. మూడు దినాలల్ల ఇజ్రాయిల్ పటాలం గాజాల దిగింది. కరెంటు తయారు చేసే కార్ఖానా మీద బాంబులేసింది, ఎండకాలంల గాజా అంత చీకటి. ఆ నెలల్ల వందలమంది పాలస్తీనోళ్లు సచ్చిన్రు. పిలగాడు మాత్రం దొరకలే. అది నడుస్తుండంగనే జూలై 12 నాడు లెబనాన్ సరిహద్దుల హిజ్బుల్లా వాళ్లు ఇంకో ఇద్దరు సిపాయిలను పట్టుకపోయిన్రు. దాని మీద 34 దినాల యుద్ధం. ఆ ఇద్దరు బతికే ఉన్నరని ఇంటోళ్లు రెండేండ్లు కొట్లాడిన్రు, ఒకాయన పెండ్లాం దేశదేశాలు తిరిగింది. 2008 జూలైల రెండు పెట్టెలు వచ్చినయి. నేను టీవీల సూసిన. సాబా ఆ దినం పేపరు తిట్టలే.

దీనికి ఎనుక ఇంకొకటి ఉన్నది. 1986ల రాన్ అరాద్ అని విమానపోడు లెబనాన్‌ల దొరికిపోయిండు. మొదాల ఉత్తరాలు వచ్చినయి, ఫొటోలు వచ్చినయి. ఎనుకకు ఇగ పత్తా లేడు, ఇప్పటికీ లేడు. ఆ దేశంల ఆ పేరంటె ప్రతి తల్లికి కడుపుల చెయ్యి పెట్టినట్టుంటది. గిలాద్‌ను ఇంకో అరాద్ కానియ్యద్దు అన్న ఫికరు కెళ్లే ఈ కొట్లాటంత లేసింది.

ఎందుకంత ఫికరు అంటరా? అక్కడ పద్దెనిమిది నిండంగనే పటాలంల చేరాలె. అప్పట్ల అరబ్బులను, మతం చదువులల్ల ఉన్నోళ్లను ఇడిస్తె, మొగపిల్లలకు మూడేండ్లు, ఆడపిల్లలకు రెండేండ్లు అటిటు. ఇష్టం ఉన్నోడు పోయే నౌకరి కాదు. వడ్లాయిన కొడుకు, డాక్టరు కొడుకు, మంత్రి కొడుకు అంత పోతరు. గిలాద్ ఫొటో సూసిన ప్రతి తల్లికి తన కొడుకే కనవడేటోడు. మన దగ్గర అట్ల కాదు గదా. మన దగ్గర పటాలంల పోయినోని ఇంటోళ్లకే ఆ తండ్లాట. 1971 యుద్ధంల మనోళ్లు 54 మంది పత్తా లేకుంట పోయిన్రు, పాకిస్తాన్ జైళ్లల్ల ఉన్నరని ఇంటోళ్ల నమ్మకం. 1983ల ఒకసారి, 2007ల ఒకసారి ఇంటోళ్లే పాకిస్తాన్ పోయి జైళ్లు తిరిగి సూసొచ్చిన్రు. ఎవ్వలు దొరకలే. కార్గిల్ యుద్ధంల పట్టుబడ్డ విమానపోడు నచికేత ఎనిమిది దినాలల్ల తిరిగొస్తె దేశమంత పండుగ చేసింది, మంచిదే. గని ఆ 54 మంది ఇంటోళ్లు ఢిల్లీల తిరిగి తిరిగి ముసలోళ్లయితె పక్కన నిలవడ్డోళ్లు ఎంతమంది? మీకెవలికన్న వాళ్లల్ల ఒక్క పేరు ఎరుకనా? నాకు గూడ ఆ దేశం పోయినంకనే ఎరుకైంది, అదీ సాబా అడిగితె సిగ్గుపడి తెలుసుకున్న.

సరే. గిలాద్ నాయిన పేరు నోఆం, తల్లి అవీవా. ఉత్తరాన గెలిలీ గుట్టల మీద, లెబనాన్‌కు దగ్గర, మిత్స్‌పే హిలా అని చిన్న ఊరు. నోఆం ఫ్యాక్టరీ నౌకరి చేసెటోడు. గొంతు పెద్దగ చేసి మాట్లాడేటోడు కాదు, మొకం సూస్తె ఏం అనుకుంటుండో తెల్వదు. ఇంకో ముచ్చట చెప్త, ఇది నాకు సాబానే చెప్పిండు. నోఆంకు కవల తమ్ముడు ఉండె, యోఎల్. 1973 యుద్ధంల సచ్చిపోయిండు. అప్పుడు ఆ ఇద్దరికి 19 ఏండ్లే. కొడుకు పట్టుబడ్డ ఈడూ 19 ఏండ్లే.

మొదాల నోఆం సర్కారును నమ్మి నిమ్మలంగ ఉన్నడు. పిలగాని ముచ్చట గూడ చాల తక్కువ బయటికొచ్చింది. 2006 సెప్టెంబర్ల చేతి రాతతోని ఒక ఉత్తరం. ఏడాదికి, 2007 జూన్ల, గొంతు రికార్డు చేసిన టేపు. 2009 అక్టోబర్ల ఒక వీడియో, రెండున్నర నిమిషాల కంటె జర ఎక్కువ. ఆ వీడియో కోసం ఇజ్రాయిల్ 20 మంది ఆడ ఖైదీలను ఇడిసిపెట్టింది. వీడియోల గిలాద్ ఒక అరబీ పేపరు పట్టుకొని సూపెడుతడు, దాని మీద సెప్టెంబర్ 14 తారీకు. బతికే ఉన్నడు అనెటందుకు నిశాని. రెడ్‌క్రాసోళ్లను ఒక్కసారన్న లోపలికి రానియ్యలే. ఉత్తరం పోదు, డాక్టరు పోడు, యాడున్నడో ఎవలికి తెల్వదు.

2009 మార్చిల, ప్రధానమంత్రి ఓల్మెర్ట్ గద్దె దిగే ముంగట, షలిత్‌లు మొదటిసారి మా సడుకు మీద డేరా ఏసిన్రు. దిగేలోపట్నన్న తేలుస్తడేమో అని. తేలలే. డేరా ఇప్పుకొని పోయిన్రు. గద్దె మీదికి నెతన్యాహు వచ్చిండు. ఏడాది గడిచింది. గప్పుడు నోఆం నడుసుడు మొదలువెట్టిండు.

2010 జూన్ 27 నాడు ఇంటికెళ్లి బయలెల్లిండు. పన్నెండు దినాలు నడిసి జూలై 8 నాడు జెరూసలేం వచ్చిండు. ఉత్తరం కొసకెళ్లి, సముద్రం పక్కపొంటి, టెల్ అవీవ్ మీదికెళ్లి, మళ్ల గుట్ట ఎక్కి. దినం దినం జనం కలిసిన్రు. చంకల పిల్లలు, చేతి కర్రల ముసలోళ్లు, బడి పోరగాండ్లు, అంత తెల్ల అంగీలు, బందీ ఇంటికి రావాలని కట్టుకునే పసుపు రిబ్బన్లు. నడుమల ఒక మాపు గాజా సరిహద్దు దగ్గర పెద్ద బాజా కచేరి పెట్టిన్రు. దానికి చేతికర్ర పట్టినోడు మన బొంబాయిల పుట్టిన జుబిన్ మెహతా. మా పనోళ్లందరికి ఆ దినం కాలరు లేసింది. ఇండియావాలా అని సాబా కూతురు నన్ను సూసి నవ్వింది, నేనే వాయించినట్టు.

జెరూసలేం వచ్చినంక నోఆం చెప్పిండు, కొడుకు లేకుంట ఇంటికి పోను అని. పోలే గూడ. పదిహేను నెలలు ఆ ఇద్దరు పెండ్లాం మొగడు ఆ సడుకు మీదనే గడిపిన్రు.

డేరా ఎట్లుండెనో చెప్పమంటరా? పెండ్లి పందిరంత గూడ లేకుండె. తెల్ల గుడ్డ, ఇనుప కడ్డీలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పాత సోఫా. మూలకు నీళ్ల డబ్బాలు, ఫ్లాస్కుల కాఫీ, ఎవలో తెచ్చిపెట్టిన కేకు. గిలాద్ నిలువెత్తు బొమ్మ అట్టతోని కోసి నిలవెట్టిన్రు. గాలొస్తె పడిపోయేది, తొవ్వల పోయెటోడు ఎవడో లేపి మళ్ల నిలవెట్టేటోడు. గిలాద్ ఇంక బతికే ఉన్నడు అని రాసిన గుడ్డ. దినాల లెక్క బోర్డు, పొద్దుగాల ఎవలన్న వచ్చి అంకె మార్చేటోళ్లు. వచ్చినోళ్లు రాసిపోయెటందుకు ఒక లావు నోటుబుక్కు. నేను మా అక్షరాలల్ల రాసిన. పక్కనున్న పిల్ల ఇది ఏం భాష అన్నది. తెలుగు అన్న. ఆమెకు ఎరుక లేదు గని చేతితోని ఆ గీతలను తడిమి సూసింది.

సాబాను దినాం పదకొండు గంటలకు అటు దిక్కే తోలుకపోయేది. డేరాల కూసున్న నోఆంను సూసి సాబా తల ఊపేటోడు, ఆయన తల ఊపేటోడు. గంతే. ఎండల సుత, జెరూసలేం చలిల సుత ఆయన అట్లనే కూసునేటోడు. మంత్రులు, పాటగాండ్లు, సినిమావాళ్లు వచ్చిపోయిన్రు. బడి పిల్లలు బస్సుల వచ్చి చుట్టు కూసునేటోళ్లు. ప్రధానమంత్రి కార్ల వరుస సైరన్ కొట్టుకుంట ముంగటికెళ్లి పోయేది. అప్పుడు డేరాలున్నోళ్లు కుర్చీలకెళ్లి లేసి నిలవడుతుండె. అరుపుల్లేవు, రాళ్లు లేవు. నిలవడుడే.

ఆ పిలగాడు 11 ఏండ్లప్పుడు బడిల ఒక కథ రాసిండు, ఎనుకకు అది బొమ్మల పుస్తకమైంది. సొరచాప, చిన్న చాప కథ. సొరచాప మింగుదామని వచ్చి మింగదు, ఇద్దరు ఆడుకుంటరు. ఇంటికి పోతె రెండిండ్ల తల్లులు వద్దంటరు. అయినా మళ్ల కలుస్తరు, జత కడుతరు. ఆ పుస్తకం డేరాల బల్ల మీద ఉండేది. సాబా దాన్ని చేతికి తీసుకొని, ఇది పిల్లల కథ, ఈ ఊరు చాపల ఊరు కాదు అన్నడు.

ఆయన అట్లెందుకన్నడో మీరు ఆ సడుకు సూస్తె అర్థమయితది. డేరాకు కూతవేటు దూరంల ఒక కాఫీ హోటల్ ఉండె. 2002 మార్చిల ఒక మాపు ఒకడు లోపలికి పోయి తనను తాను పేల్చుకున్నడు, 11 మంది పోయిన్రు. 2004 జనవరిల అదే గాజా సడుకు మీద 19 నంబరు బస్సుల బాంబు, మళ్ల 11 మంది. గిలాద్‌ను ఇడిపియ్యాలంటె జైళ్లకెళ్లి బయటికి ఇడువాలని హమాసోళ్లు అడిగిన పట్టీల అసొంటి పనులు చేయించినోళ్ల పేర్లు ఉండె. మా బిల్డింగుల కింద అంతస్తుల ఒకామె ఉండె. ఆమె అన్న బిడ్డ ఆ బస్సుల పోయింది. ఆమె కూరగాయలకు పోతె డేరా ఉన్న పక్క నడువకపోయేది, రోడ్డు దాటి అటు దిక్కుకెళ్లి పోయేది. నోఆం మీద ఆమెకు కోపం లేదు. ఆయన కొడుకు కోసం ఆయన కూసున్నడు, మా అన్న బిడ్డ కోసం నేను యాడ కూసోవాలె అన్నది ఒకసారి లిఫ్టుల. నేనేం చెప్ప? నాకు వాళ్ల భాష అంత రాదు, వచ్చినా చెప్పెటందుకు లేదు.

సాబా ఇంట్ల దినాం ఇదే పంచాయితి. కూతురేమో డేరాకు వంట చేసి పంపేది, పసుపు రిబ్బన్ కారుకు కట్టింది. సాబా ఏమో, ఒక్కనికి వెయ్యి మందిని ఇడుస్తె రేపు ఇంకొకన్ని ఎత్తుకపోరా అంటుండె. 1985ల ముగ్గురు సిపాయిల కోసం 1,150 మందిని ఇడిసిన్రు, అండ్ల ఎంతమంది మళ్ల తుపాకి పట్టిన్రో అని లెక్క చెప్పేటోడు. గిలాద్ నీ మనవడైతె ఏమంటవు అని కూతురు. నా మనవడైతె నేను గూడ డేరాల కూసుంట, అప్పుడు నా మాట ఇనకుర్రి అని సాబా. అన్నం తినుకుంట తినుకుంట గిదే. నేను చెంచాతోని పెట్టుడు, ఆయన మింగుడు, కొట్లాడుడు.

ఇంకో దిక్కు గూడ చెప్పాలె, లేకుంటె ముచ్చట సగమే. మా ఇంటికి కిరాణ సామాను తెచ్చే పిలగాడు తూర్పు జెరూసలేం అరబ్బు. వాళ్ల చిన్నాయిన ఇజ్రాయిల్ జైల్ల ఉన్నడు. సామాను దించుకుంట, ఆ ఒక్క పేరు దునియా అంతకు ఎరుక, మా చిన్నాయిన పేరు ఎవలికి ఎరుక అన్నడు. అప్పుడు వేలమంది పాలస్తీనోళ్లు ఆ జైళ్లల్ల ఉన్నరు. గాజా వాళ్లకైతె 2007కెళ్లి ములాఖాత్ బందు, తల్లి కొడుకును సూసుడు లేదు. గాజా పట్నంల వారం వారం సోమవారం నాడు తల్లులు, పెండ్లాలు ఫొటోలు పట్టుకొని రెడ్‌క్రాస్ దఫ్తరు ముంగట కూసునేటోళ్లట. ఆ ఫొటోలు నేను ఎనుకకు సూసిన. నల్ల ముసుగుల ముసలవ్వలు, ఒళ్ల ఫ్రేము కట్టిన కొడుకు బొమ్మ, మోకాలు పక్కన చెప్పులు ఇడిసి.

2011 ఎండకాలం వచ్చింది. ఆ ఏడాది జూలైల కిరాయిలు పెరిగినయని టెల్ అవీవ్‌ల జవాను పోరగాండ్లు సడుకు నడుమ డేరాలేసిన్రు. సూస్తుండంగ దేశమంత డేరాలే. మా సడుకు మీది పాత డేరాను ఇగ ఎవలు పట్టించుకుంటరు అనుకున్నం. ఆగస్టు 28కి గిలాద్‌కు 25 ఏండ్లు నిండినయి, ఆయన లేకుంటనే పుట్టినదినం చేసిన్రు.

అంతలోపట తెర ఎనుక నడిసింది మాకు తర్వాత ఎరుకైంది. జెరూసలేంల గెర్షోన్ బాస్కిన్ అని ఒకాయన, మంత్రి కాదు, ఆఫీసరు కాదు, సోపతి సంధి కావాలని తిరిగే మామూలు మనిషి. పిలగాడు పట్టుబడ్డ కొద్ది దినాలకే గాజాల హమాస్ మనిషి గాజీ హమద్‌తోని ఫోన్ల మాట కలిపిండు. 2006ల ఆ మొదటి ఉత్తరం బయటికొచ్చుడుల గూడ ఆయన చెయ్యి ఉన్నది. సర్కారు ఏండ్లకేండ్లు ఆయన్ను దగ్గరికి రానియ్యలే. ఆఖర్ల కొత్త ఆఫీసరు డేవిడ్ మైదాన్ వచ్చినంక ఆయన తొవ్వనే పట్టుకున్నరు, ఈజిప్టోళ్లు నడుమ కూసొని బేరం తెంపిన్రు. దునియాల పెద్ద పెద్ద దేశాల రాయబారులు చేయనిది ఇద్దరు మనుషుల ఫోను చేసిందంటె నాకు ఇప్పటికీ నమ్మబుద్ది కాదు. గని అయ్యింది.

అక్టోబర్ 11 మాపు ఖబరు వచ్చింది. మంత్రులు ఆ రాత్రి కూసున్నరు. 26 మంది సరే అన్నరు, ముగ్గురు కాదన్నరు. గిలాద్‌కు బదులు 1,027 మంది. మొదటి దఫా 477 మంది, అండ్ల 27 మంది ఆడోళ్లు. రెండు నెలలకు ఇంకో 550 మంది. జెరూసలేంల పిజ్జా దుకాణంల బాంబు పెట్టెటోన్ని ఎంబడి తోలుకచ్చిన ఆడామె గూడ ఆ పట్టీల ఉన్నది. ఆ బాంబుకు అప్పట్ల 15 మంది సచ్చిన్రు. ఇంట్లోళ్లను పోగొట్టుకున్నోళ్లు కోర్టుకు పోయిన్రు. కోర్టు కొట్టేసింది. ఆ కోర్టుల వాళ్లు నోఆం మీద అరిసిన్రు. ఆయన తల వంచుకొని కూసున్నడు.

ఆ రాత్రి డేరా దగ్గర పాటలు, ఆటలు, కారు హారన్లు. సాబా కిటికి కాడికి తోలుకపొమ్మన్నడు, సూసిండు. కిందికి పోదాం పా అన్నడు. నేను డేరాకు అనుకొని లిఫ్టుల కింద మీట నొక్కబోయిన. కాదు, ఆమె ఇంటికి అన్నడు. కింద అంతస్తు ఆమె తలుపు తీసింది. సాబా ఏం మాట్లాడలే, ఆమె ఏం మాట్లాడలే. నాతోని కెటిల్ పెట్టించింది. ముగ్గురం టీవీ బందు పెట్టుకొని రెండు గంటలు చాయ తాగుకుంట కూసున్నం. బయట హారన్లు ఇనవడుతనే ఉన్నయి. మీదికి వచ్చినంక సాబా, పిలగాడు వస్తుండు, మంచిగైంది అన్నడు. నేను చెప్పిందాంట్ల ఒక్క అక్షరం గూడ ఎనుకకు తీసుకోను అని గూడ అన్నడు.

అక్టోబర్ 18. అప్పుడు వాళ్లకు పందిళ్ల పండుగ. ప్రతి ఇంటి ముంగట, మిద్దె మీద ఆకుల పందిరి ఏసుకొని అండ్లనే తింటరు. గాజాకెళ్లి గిలాద్‌ను ఈజిప్టులకు తెచ్చిన్రు. అక్కడి టీవీ వాళ్లు సక్కగ ఊపిరి గూడ తీసుకోనియ్యకుంట సవాళ్లు అడిగిన్రు. మొకం సున్నమోలె తెల్లగ ఉన్నది, ఎండ తాకి ఎన్నేండ్లయ్యిందో. సాబా కూతురు టీవీ మీద చెప్పు ఇసిరింది, జర నీళ్లన్న తాగనియ్యుర్రి అని. ఎనుకకు పటాలం బట్టలు తొడిగి, ప్రధానమంత్రికి సలాం కొట్టించి, నాయిన దగ్గరికి పంపిన్రు. నోఆం పట్టుకున్నడు. కెమెరా కోసం పట్టుకున్నట్టు కాదు, కొంచెం ఎడ్డిగ, చేతులు యాడ పెట్టాల్నో తెల్వనట్టు.

అదే యాల్లకు గాజాల, రామల్లాల బస్సులు దిగుతున్నయి. అక్కడ గూడ తల్లులు కొడుకులను పట్టుకున్నరు. ఇరవై ముప్పై ఏండ్లు జైల్ల ఉన్నోళ్లు నెరిసిన గడ్డాలతోని దిగిన్రు. కిరాణ పిలగాని చిన్నాయిన పేరు పట్టీల లేకుండె. మర్నాడు సామాను తెచ్చి, రసీదు మీద నా సంతకం తీసుకొని పోయిండు.

ఒక లెక్క చెప్త, ఇది సర్కారు కాయిదాల లెక్క. ఆ దేశంల పరదేశపోనికి వీసా మొత్తం మీద 63 నెలలు, ముసలోళ్ల పని చేసెటోనికైతె ఎనుక పొడిగిస్తరు. గిలాద్ గాజాల ఉన్నది 1,941 దినాలు. 63 నెలల మీద ఇంకో ఇరవై మూడు దినాలు. మా పనోళ్లం శనివారం సెలవు నాడు టెల్ అవీవ్ పాత బస్టాండు దగ్గర కలుస్తుండె. ఆ లెక్క ఎవలో తీసి చెప్తె అందరం సప్పుడు చేయలే. మేం పైసల కోసం మా అంతట మేం పోయినోళ్లం, ఫోన్ చేసుకునేటోళ్లం, ఉత్తరం రాసుకునేటోళ్లం. అయినా ఇంటి మీద బెంగతోని సగం మంది గోలీలు మింగుతుండె.

నోఆం సంగతి అడుగుతరా? 2012ల టీవీ వాళ్లు అడిగితె, నేను పాలస్తీనోన్నైతె సిపాయిని పట్టుకునే పనే చేసేటోన్నేమో అన్నడు. దేశమంత మండిపడ్డది. రాజకీయాలల్లకు పోదామని లేబర్ పార్టీల నిలవడ్డడు, పార్టీలోళ్లు సరిపోయేటన్ని ఓట్లెయ్యలే. ఆయన కొడుకును కావాలన్నరు గని ఆయనను లీడరుగ కావాలనుకోలే. 2022 నవంబరు ఆఖర్ల కాన్సర్‌తోని పోయిండు, 68 ఏండ్లు. నేను అప్పటికి ఇంటికొచ్చి మస్తు దినాలైంది, సాబా గూడ పోయిండు.

ఆ 1,027 మందిల యాహ్యా సిన్వార్ అని హమాసోడు ఒకడు ఉండె. 2023 అక్టోబర్ 7 నాడు హమాసోళ్లు ఇజ్రాయిల్ మీద పడ్డది ఆయన పన్నిన పన్నాగంతోనే అంటరు. ఆ దినం 1,200 మంది అటిటు సచ్చిన్రు, 251 మందిని గాజాకు పట్టుకపోయిన్రు. దాని ఎనుక గాజాల పదుల వేలమంది సచ్చిన్రు, ఇండ్లు నేలమట్టమైనయి. సిన్వార్‌ను గూడ ఏడాదికి సంపిన్రు. ఇప్పుడు మీరడుగుతరు, అప్పుడు ఇడువకుంటె అయిపోయేది గదా తాతా అని. మీ మామ గూడ గిదే అన్నడు వాట్సాప్ సూసి. అట్లన్నోడు ఆ డేరా ముంగటికెళ్లి ఒక్కసారి నడిసి పోలే. ఇడువకుంటె గిలాద్ ఏమయ్యేటోడు అని అడిగితె వానికి జవాబు లేదు. ఇడిసిన్రు గదా ఏమైంది అంటె నాకు జవాబు లేదు.

సాబా కూతురు ఇంక నాకు ఫోన్ చేస్తది, వాళ్ల కొత్తేడాదికి, మన దసరాకు అటిటు. 2023ల గూడ చేసింది, నవంబర్ల. డేరాకు వంట పంపినామె గదా, ఇప్పుడు ఏమంటవు, మీ నాయినే సరిగ చెప్పిండంటవా అని అడిగిన. చానసేపు ఏమనలే. నాయిన చెప్పింది తప్పు కాదు, నేను చేసింది తప్పు కాదు అన్నది. గప్పుడు డబ్బాలకెళ్లి ఆ పాత పసుపు రిబ్బన్ తీసి కారుకు మళ్ల కట్టిందట. శనివారం మాపు టెల్ అవీవ్ పోతున్న, మ్యూజియం ముంగట చౌరస్తాల అందరం నిలవడుతం, పట్టుకపోయినోళ్లను ఇడిపియ్యమని అడగాలె అన్నది. ఎవలను అడుగుతరు అన్న. ఇంకెవలను, మా సర్కారునే అని ఫోను పెట్టేసింది.